నౌకాదళ చరిత్రలో మరుగునపడిన నల్లజాతి వీరులు

లండన్ మహానగరంలో ట్రఫాల్గర్ కూడలి నడుమ నూట అరవై అడుగులకు మించిన ఎత్తుగల ఒక స్తంభం కలదు. దాని శిఖరాన ఆంగ్ల నౌకాధిపతి నెల్సన్ విగ్రహం నిలిచి ఉన్నది. 1805 అక్టోబరు 21వ తేదీన ఫ్రెంచి, స్పానిష్ నౌకాబలాలను ఎదుర్కొని, విజయం చేతికందిన సమయాననే ప్రాణాలు విడిచిన వీరుడాయన. చూడవచ్చిన వారందరు తలలెత్తి ఆ విగ్రహాన్ని చూస్తారు. స్తంభపు అడుగుభాగాన నాలుగు వైపుల నాలుగు కంచు ఫలకాలున్నవి. వాటిలో ఒకదానిపై నెల్సన్ మరణదృశ్యం పోతపోయబడినది. ఆ దృశ్యంలో తుపాకి చేతబట్టి నిలిచిన ఒక నావికుడు నల్లజాతివాడు. ఇది శిల్పి ఊహించి చేర్చిన అలంకారం కాదు. నెల్సన్ నౌకయైన 'విక్టరీ' సిబ్బంది పట్టికలో ఆఫ్రికాలోను, వెస్టిండీస్ దీవులలోను జన్మించినవారు ఉన్నారు. ఆ నావికునికి కంచులో ముఖం లభించినది గాని పేరు లభించలేదు.

సముద్ర చరిత్ర అంతటికీ ఈ ఫలకం ఒక సంకేతమని చెప్పవచ్చును. నౌకాయుద్ధాల గాథలలో నౌకాధిపతుల పేర్లు, నౌకల పేర్లు, చివరకు తుపానుల తేదీలు సైతం భద్రంగా ఉన్నవి. అదే నౌకలపై ఫిరంగులకు మందుగుండు అందించిన వారిలోను, చుక్కాని పట్టినవారిలోను, గాయపడిన వారిని భుజాన మోసినవారిలోను నల్లజాతివారు వేలకొలదిగా ఉన్నను, వారి పేర్లు పాఠ్యగ్రంథాలకు ఎక్కలేదు. వారు సాహసం చేయలేదా? చేశారు. ఆ సాహసం ఎవరికంటా పడలేదా? పడినది. అయినను అది మరుగున పడుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటకై కొందరు నావికుల జీవితాలను క్రమంగా పరిశీలిద్దాము.

బానిస చేతిలో చుక్కాని

అమెరికా అంతర్యుద్ధం 1861లో ఆరంభమైనది. బానిసత్వాన్ని నిలుపుకొనదలచిన దక్షిణ రాష్ట్రాలు సమాఖ్య నుండి విడిపోయినవి. దక్షిణ కెరొలినా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్ రేవులో 'ప్లాంటర్' అనే పొగయోడ దక్షిణ సైన్యానికి ఆయుధాలు చేరవేస్తూ ఉండేది. ఆ ఓడ చుక్కాని రాబర్ట్ స్మాల్స్ అనే యువకుని చేతిలో ఉండేది. అతడు 1839లో బోఫర్ట్ పట్టణంలో బానిసగా జన్మించినవాడు. పన్నెండేళ్ళ వయసులోనే యజమాని అతనిని చార్ల్‌స్టన్‌కు కూలికి పంపాడు. అతడు సంపాదించిన కూలిలో అధికభాగం యజమానికే చెందేది. ఆ రేవులోని ఇసుక మేటలు, నీటి లోతులు, కోటల సంకేతాలు అన్నియు అతనికి కంఠస్థమే. అతడు చేసిన పని ఓడకు దారిచూపు సరంగు పని. కాని ఆ గౌరవనామం తెల్లవారికి మాత్రమే చెల్లుతుంది గనుక, అతనిని కేవలం 'చక్రం పట్టేవాడు' అని పిలిచేవారు.

1862 మే 13వ తేదీ తెల్లవారుజామున ఓడ అధికారులు ముగ్గురూ తీరంలో నిద్రించుచుండగా, స్మాల్స్ తోడి బానిస నావికులతో కలిసి ఓడను కదిలించాడు. దగ్గరలోని మరొక రేవుకట్ట వద్ద ఆగి, అక్కడ దాగియున్న తన భార్యను, బిడ్డలను, తోటివారి కుటుంబాలను ఎక్కించుకొన్నాడు. పట్టుబడినయెడల లొంగిపోవుట కంటే ఓడతో సహా మునిగిపోవుట మేలని వారు ముందే నిశ్చయించుకొన్నారు. అతడు కెప్టెన్ గడ్డిటోపీని తలపై ధరించి, కెప్టెన్ నిలుచు తీరుననే నిలిచి, ప్రతి కోట వద్ద ఇవ్వవలసిన ఈలల సంకేతాన్ని పొరపాటు లేకుండా ఇచ్చాడు. కాపలాదారులు మసక చీకటిలో ఆ టోపీని చూచి ఓడను పోనిచ్చారు. అన్నిటికంటె గండమైన సమ్టర్ కోట దాటి ఫిరంగుల అందుబాటు తప్పిన పిదప, దక్షిణ పతాకాన్ని దించి తెల్లని దుప్పటి ఎత్తాడు. ఎదురుగా దిగ్బంధనం చేసియున్న ఉత్తరాది నౌక ఫిరంగులు పేల్చబోవు సమయానికి ఆ తెల్లని గుడ్డ కంటబడుటచే పదహారు ప్రాణాలు నిలిచినవి.

అతడు తెచ్చినది ఓడ ఒక్కటే కాదు. దానితోపాటు ఫిరంగులు, రహస్య సంకేతాల పుస్తకం, రేవు రక్షణ వ్యవస్థను గూర్చిన అమూల్యమైన సమాచారం ఉత్తరాది నౌకాదళానికి దక్కినవి. తరువాత అతడు అనేక పోరాటాలలో ఓడలకు దారి చూపి, ఏ 'ప్లాంటర్'లో బానిసగా పనిచేశాడో దానికే కెప్టెన్ అయినాడు. యుద్ధానంతరం, తాను బానిసగా పుట్టిన ఇంటిని తానే కొన్నాడు. అమెరికా ప్రతినిధుల సభకు ఐదు పర్యాయాలు ఎన్నికైనాడు. 1915లో మరణించాడు.

ఇంతటి జీవితం గలవాని పేరు కూడ అమెరికా పాఠశాలలలోనే చాలకాలం వినబడలేదు. 'ఛాన్సలర్స్‌విల్' అన్నది దక్షిణ సైన్యం గెలిచిన ఒక యుద్ధం పేరు. ఆ పేరు అమెరికా నౌకాదళంలో ఒక యుద్ధనౌకకు ఉండేది. 2023లో ఆ పేరును తొలగించి 'రాబర్ట్ స్మాల్స్' అని పెట్టారు. ఆ తెల్లవారుజాముకు, ఈ నామకరణానికి నడుమ నూట అరువది సంవత్సరాలకు పైగా గడచినవి.

ఒకే నౌక, ఇద్దరు వీరులు

అదే అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళమున సుమారు 18,000 మంది నల్లజాతి పురుషులు పనిచేశారు. బానిసత్వం నుండి పారిపోయి వచ్చినవారిని చేర్చుకొనుటకు 1861 సెప్టెంబరులో అనుమతి లభించినది. అయితే మొదట వారికి ఇచ్చిన హోదా పేరు 'బాయ్', అనగా 'కుర్రవాడు'. నలువది ఏండ్లవాడైనను, బిడ్డల తండ్రియైనను, ఆ పట్టికలో అతడు కుర్రవాడే. తరువాతి కాలంలో ఈ నిబంధన సడలింది గాని, ఆ పేరు వెనుక ఉన్న భావన అంత త్వరగా సడలలేదు.

1864 ఆగస్టు 5వ తేదీన మొబైల్ అఖాతంలో జరిగిన యుద్ధం నౌకాచరిత్రలో ప్రసిద్ధమైనది. నీటిలో మందుపాతరలున్నవని తెలిసియు లెక్కచేయక నౌకలను ముందుకు నడిపించిన ఫారగట్ నౌకాధిపతి పేరు ప్రతి చరిత్ర పుస్తకంలోను కనబడుతుంది. ఆయన ప్రధాన నౌక 'హార్ట్‌ఫర్డ్'. అదే నౌకలో క్రింది తళంపై జాన్ లాసన్ అనే నల్లజాతి నావికుడు ఫిరంగులకు గుండ్లు చేదియిచ్చు తాడు వద్ద పనిచేయుచుండెను. అక్కడ ఉన్నది ఆరుగురు. శత్రువుల గుండు ఒకటి సరిగా అక్కడనే పేలినది. ఆ ఆరుగురిలో గాయపడనివాడో మరణించనివాడో ఒక్కడును మిగులలేదు. లాసన్ కాలికి గాయం తగిలి ఓడ గోడకు విసరివేయబడ్డాడు. తెలివి రాగానే, వైద్యుని వద్దకు దిగి పొమ్మని తోటివారు చెప్పినను వినక, తిరిగి తన స్థానానికే వచ్చి యుద్ధం ముగియు వరకు గుండ్లు అందించాడు.

పైనున్న నౌకాధిపతి ధైర్యం ఎంత నిజమో, క్రిందనున్న లాసన్ ధైర్యం అంతే నిజం. గుండ్లు పైకి రానియెడల నౌకాధిపతి ఆజ్ఞకు బలమెక్కడిది? ఆ సంవత్సరాంతమునకు లాసన్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ అనే అత్యున్నత పతకం లభించినది. ఆ అంతర్యుద్ధంలో అట్టి పతకాన్ని పొందిన నల్లజాతి నావికులు ఎనిమిదిమంది. పతకం లభించినది గాని పాఠ్యగ్రంథంలో చోటు లభించలేదు. ఒక్క నౌక నుండి చరిత్ర ఒక్క పేరునే ఏరుకొన్నది.

లక్నో గోడ ముందు

ఇంతవరకు చెప్పినది పరదేశపు కథ. ఇప్పుడు చెప్పబోవునది మన గడ్డమీద జరిగినది. కనుక దీనిని మరికొంత జాగ్రత్తగా చదువవలసి ఉన్నది.

కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతంలో విలియం హాల్ జన్మించాడు. అతని తల్లిదండ్రులు అమెరికాలో బానిసత్వం నుండి తప్పించుకొని బ్రిటిషు వారి ఆశ్రయంలో అక్కడకు చేరినవారు. హాల్ 1852లో బ్రిటిషు నౌకాదళంలో చేరి క్రిమియా యుద్ధంలో పనిచేశాడు. 1857లో భారతదేశంలో స్వాతంత్ర్య సమరం చెలరేగినప్పుడు, అతడు పనిచేయు 'షానన్' నౌక కలకత్తా చేరినది. నౌకలోని పెద్ద ఫిరంగులను దించి, నావికులతో ఒక దళం కూర్చి, కెప్టెన్ విలియం పీల్ వాటిని గంగానది మీదుగాను, రహదారి మీదుగాను లక్నో వరకు నడిపించాడు.

1857 నవంబరు 16న ఆంగ్లసేన లక్నోలోని షా నజఫ్ మందిరాన్ని ముట్టడించినది. అది అవధ్ ప్రథమ రాజైన ఘాజీఉద్దీన్ హైదర్ నిర్మించిన పుణ్యస్థలం. ఆయన సమాధి కూడ అక్కడనే కలదు. నాడు స్వదేశీ వీరులు దానినే కోటగా చేసుకొని నిలిచారు. గోడలు దళసరివి. వాటిని కూల్చుటకు ఫిరంగిని గోడకు అతి సమీపంగా తేవలసి వచ్చినది. లోపలి నుండి వచ్చిన కాల్పులకు ఆ ఫిరంగి వద్దనున్నవారు ఒక్కొక్కరే కూలిపోయారు. చివరకు మిగిలినవారు గాయపడిన లెఫ్టినెంట్ థామస్ యంగ్, విలియం హాల్ ఇద్దరే. వారిరువురు ఫిరంగిని మరల మరల నింపి, గోడకు బీటపడు వరకు పేల్చారు. అందుకు ఇరువురికీ విక్టోరియా క్రాస్ లభించినది. ఆ పతకం పొందిన తొలి నల్లజాతి వ్యక్తి హాల్.

ఈ కథను మనమెట్లు చదువవలెను? హాల్ ధైర్యం నిస్సందేహమైనది. కాని ఆ గోడకు ఆవలివైపున ఉన్నవారు మనవారు; పరాయి పాలనను ఎదిరించినవారు. బానిసత్వం నుండి విముక్తి పొందిన తల్లిదండ్రుల కుమారుడు, మరొక జాతిని అధీనంలో ఉంచుటకై జరిగిన యుద్ధంలో తన ప్రాణాన్ని ఒడ్డినాడు. సామ్రాజ్యాల నీతి ఇట్టిదే. అవి ఒక పీడితుని చేతిలో ఫిరంగి ఉంచి మరొక పీడితుని గోడను కూలగొట్టిస్తాయి. వీరత్వం వేరు, ఆ వీరత్వం సేవించిన లక్ష్యం వేరు. ఈ రెంటిని వేరుచేసి తూచగలుగుట చరిత్ర విద్యార్థికి అవసరమైన వివేకం.

ఆ వీరునికి సామ్రాజ్యం ఇచ్చినదేమి? 1876లో ఉద్యోగ విరమణ చేసి, స్వగ్రామ ప్రాంతంలో సేద్యం చేసుకొని, 1904లో హాల్ మరణించాడు. సైనిక లాంఛనాలు లేవు. సమాధిపై గుర్తు సైతం లేదు. నలువది సంవత్సరాల పిదప, 1945లో అతని అవశేషాలను హాంట్స్‌పోర్ట్‌కు తరలించారు. 1947లో స్మారక చిహ్నం నిలిపారు. ఇటీవలి కాలంలో కెనడా నౌకాదళం ఒక నౌకకు అతని పేరు పెట్టినది.

గోడకు ఆవలివైపున పోరాడినవారి సంగతి మరింత దయనీయం. అదే దినాన సమీపంలోని సికందర్ బాగ్‌లో పోరాడి మరణించిన ఊదాదేవి వంటి ఒకరిద్దరు స్థానికుల స్మృతిలో నిలిచారు. తక్కిన వేలాదిమంది పేర్లు మనకు దక్కలేదు. ఒక గోడకు ఇరువైపుల ఉన్నవారినీ చరిత్ర మరచినది. ఒకరిని తనవాడు కాడని మరచినది. తక్కినవారిని శత్రువులని మరచినది.

వంటశాల నుండి వచ్చిన వీరుడు

రెండవ ప్రపంచయుద్ధ కాలానికి అమెరికాలో బానిసత్వం రద్దై డెబ్బదియైదు ఏండ్లు దాటినవి. అయినను నౌకాదళంలో నల్లజాతివారి స్థితి మెరుగుపడుటకు మారు దిగజారినది. అంతర్యుద్ధంలో ఫిరంగుల వద్ద నిలిచిన జాతివారికి ఇప్పుడు భోజనశాల తప్ప వేరు ద్వారం లేదు. అధికారులకు వడ్డించుట, పాత్రలు కడుగుట, బట్టలు మడచుట, బూట్లు తుడుచుట, ఇవి వారి విధులు. ఫిరంగి విద్య వారికి నేర్పబడదు.

టెక్సాస్ రాష్ట్రంలోని వేకో ప్రాంతంలో పాలికాపు కుటుంబంలో 1919లో జన్మించిన డోరీ మిల్లర్ 1939లో ఇట్టి ఉద్యోగంలోనే చేరాడు. అతడు 'వెస్ట్ వర్జీనియా' అనే యుద్ధనౌకలో భోజనశాల సేవకుడు. 1941 డిసెంబరు 7వ తేదీ ఆదివారం ఉదయం హవాయి దీవులలోని పెర్ల్ హార్బర్‌పై జపాను విమానాలు విరుచుకుపడినప్పుడు అతడు ఉతుకుబట్టలు సేకరించుచున్నాడు. ప్రమాద ఘంట వినగానే తనకు నిర్ణయించిన స్థానానికి పరుగెత్తాడు. అది అప్పటికే టార్పెడో దెబ్బకు ధ్వంసమైనది. దేహబలం గలవాడు గనుక, ప్రాణాంతకంగా గాయపడిన కెప్టెన్ మెర్విన్ బెన్నియన్‌ను సురక్షిత స్థలానికి తరలించుటకు సాయంగా రమ్మని ఒక అధికారి ఆజ్ఞాపించాడు. పొగ, మంటల నడుమ మిల్లర్ ఆ పని చేశాడు. తరువాత విమానాలపై పేల్చు మరతుపాకులలో తూటాలు నింపుటకు సాయపడుమన్నారు. మిల్లర్ నింపుటతో ఆగక, ఒక తుపాకిని తానే చేతబట్టి తూటాలు అయిపోవు వరకు పేల్చాడు. ఆ తుపాకి వాడకం అతనికి ఎవరును నేర్పలేదు. ఇతరులు వాడుచుండగా చూచినదే అతని శిక్షణ. ఆ పిదప చమురు, నీరు నిండిన తళంపై నుండి గాయపడినవారిని లాగి పెక్కుమందిని కాపాడాడు. ఆనాడు ఆ నౌకలో నూరుమందికి పైగా మరణించారు.

1942 ఆరంభంలో ప్రకటించిన ప్రశంసల జాబితాలో నౌకాదళం ఒక నల్లజాతి నావికుని ప్రస్తావించినది గాని పేరు చెప్పలేదు. ట్రఫాల్గర్ ఫలకంలోని నావికుని కథయే మరల జరిగినది. అయితే ఈసారి ఆ పేరు కోసం అడిగినవారున్నారు. నల్లజాతివారు నడుపు 'పిట్స్‌బర్గ్ కూరియర్' వంటి పత్రికలు, నల్లజాతి సంఘాలు పట్టువిడువక అడిగినందున మార్చి మాసంలో పేరు వెల్లడియైనది. మే 27న నౌకాధిపతి నిమిట్జ్ స్వయంగా మిల్లర్ రొమ్ముపై నేవీ క్రాస్ పతకాన్ని అలంకరించాడు. జూన్ ఒకటవ తేదీ నుండి నౌకాదళంలోని సాధారణ విభాగాలలో నల్లజాతివారికి ప్రవేశం లభించినది. ఒక్క మనిషి సాహసం వల్లనే ఇది జరిగినదనుట అతిశయోక్తి. ఎన్నో ఏండ్ల ఉద్యమం దాని వెనుక ఉన్నది. కాని నల్లజాతివాడు యుద్ధానికి పనికిరాడన్న వాదానికి మిల్లర్ పేరు కంటికి కనిపించు సమాధానమైనది.

పతకం లభించినను మిల్లర్ హోదా వంటశాలను దాటలేదు. 1943 నవంబరు 24న 'లిస్కమ్ బే' అనే విమానవాహక నౌకను గిల్బర్ట్ దీవుల వద్ద జపాను జలాంతర్గామి ముంచినప్పుడు మరణించిన ఆరువందలమందికి పైబడిన నావికులలో అతడొకడు. అప్పటికి అతని వయసు ఇరువది నాలుగేండ్లు. ఆ మహాయుద్ధం జరిగినంత కాలం నల్లజాతివారిలో ఒక్కరికైనను మెడల్ ఆఫ్ ఆనర్ లభించలేదు. 1997లో ఏడుగురికి ఇచ్చినప్పుడు వారందరు భూసైన్యంవారే. నిర్మించనున్న ఒక మహా విమానవాహక నౌకకు మిల్లర్ పేరు పెట్టనున్నట్లు అమెరికా నౌకాదళం 2020లో ప్రకటించినది.

కాదనుటలోని ధైర్యం

1944లో 'మేసన్' అనే రక్షకనౌకను, అధిక సంఖ్యలో నల్లజాతివారైన సిబ్బందికి అప్పగించారు. ఆ అక్టోబరులో అట్లాంటిక్ సముద్రంలో భయంకరమైన తుపాను లేచినప్పుడు, ఈ నౌక చిన్న ఓడలను ఇంగ్లండు తీరానికి చేర్చినది. తళం ఉక్కు చీలిపోగా, అతుకువేసుకొని, మిగిలిన ఓడల కోసం తిరిగి తుపానులోనికే వెళ్ళినది. ఆ సిబ్బందిని ప్రశంసించవలెనని కెప్టెన్ సిఫారసు చేశాడు. ఆ ప్రశంసాపత్రం వచ్చినది 1990వ దశకంలో. అర్ధశతాబ్దం గడిచిన తరువాత దానిని అందుకొనుటకు జీవించియున్నవారు కొద్దిమందే.

అదే సంవత్సరపు మరొక ఘటన దీనికంటె బాధాకరమైనది. కాలిఫోర్నియా తీరాన పోర్ట్ షికాగో అనే రేవులో యుద్ధసామగ్రిని ఓడలకు ఎక్కించు కూలిపని నల్లజాతి నావికులది. అధికారులు తెల్లవారు. పేలుడు పదార్థాలను ఎట్లు పట్టుకొనవలెనో సరియైన శిక్షణ లేదు. ఏ దళం ఎక్కువ ఎక్కించునో అని అధికారులు పందెములు కాచి తొందరపెట్టేవారు. 1944 జులై 17వ తేదీ రాత్రి ఘోరమైన ప్రేలుడు సంభవించినది. 320 మంది మరణించారు. వారిలో 202 మంది నల్లజాతివారు. బ్రతికి బయటపడినవారు తోటివారి శరీరాల తునకలను ఏరిపెట్టారు. మూడు వారాలు గడవగానే, పద్ధతులేవీ మార్చకయే, తిరిగి అదే పని చేయుమని వారికి ఆజ్ఞయైనది.

258 మంది నిరాకరించారు. మరణశిక్ష పడవచ్చునని బెదిరించిన తరువాత కూడ నిలబడినవారు యాభైమంది. వారిపై సైనిక తిరుగుబాటు నేరం మోపి, పదునైదేండ్ల కఠినశిక్ష విధించారు. వారి పక్షాన వాదించిన న్యాయవాది థర్‌గుడ్ మార్షల్. అనంతరం 1967లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానంలో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయినది ఆయనే. యుద్ధం ముగిసిన పిదప 1946లో వారిలో అధికులను విడిచిపెట్టారు గాని నేరముద్ర చెరపలేదు. ఆ ముద్రతోనే వారు ఉద్యోగాలు వెదకుకొన్నారు, బిడ్డలను పెంచారు, వృద్ధులైనారు. ప్రేలుడు జరిగి సరిగా ఎనుబది సంవత్సరాలు నిండిన దినాన, 2024 జులై 17న, అమెరికా నౌకాదళం నాడు శిక్షింపబడిన 256 మందిని నిర్దోషులుగా ప్రకటించినది. ఆ మాట వినుటకు ఆ యాభైమందిలో ఒక్కడును మిగిలిలేడు.

తుపాకి పేల్చుట ఒక్కటే వీరత్వమని తలచువారికి ఈ కథ మింగుడుపడదు. కాని తోటివారి ప్రాణాల విలువను ఎత్తిచూపుటకై, శిక్ష తప్పదని తెలిసియు, అన్యాయమైన ఆజ్ఞను కాదనుట తక్కువ ధైర్యమా?

మరుపునకు మార్గములు

ఈ చరిత్రలను ఒకచోట చేర్చి చూచినప్పుడు, మరుపు దానంతట అది వచ్చినది కాదని తెలియుచున్నది. అది వచ్చు మార్గములు మూడు.

మొదటిది హోదా. ఒక మనిషిని 'చక్రం పట్టేవాడు' అని, 'కుర్రవాడు' అని, 'భోజనశాల సేవకుడు' అని పట్టికలో వ్రాసిన తరువాత, వీరత్వం కోసం ఆ పట్టికను వెదకువారు ఆ పేరు వద్ద ఆగరు. పనికి పెట్టిన చిన్నపేరు మనిషిని కూడ చిన్నవానినిగా చూపుతుంది.

రెండవది వ్రాతగాడు. నివేదిక వ్రాయునది అధికారి. పతకానికి సిఫారసు చేయునది అధికారి. ఆ అధికారి చూడదలచినదే కాగితం మీదికి వచ్చును. 'మేసన్' కెప్టెన్ వంటి న్యాయశీలి వ్రాసినను, పైవారు పట్టించుకొనని యెడల ఆ కాగితం యాభై సంవత్సరాలు పెట్టెలో ఉండిపోవును.

మూడవది నిర్వచనం. ఆజ్ఞను పాటించిన సాహసానికి పతకమని, ఆజ్ఞను ప్రశ్నించిన సాహసానికి నేరమని పేరుపెట్టుట. ఇది తక్కిన రెంటికంటె బలమైనది. మరచిపోబడినవానిని వెదకి గుర్తు చేయవచ్చును. నేరస్థుడని ముద్రపడినవానిని గుర్తు చేయవలెనన్న మొదట ఆ ముద్రను చెరపవలెను.

ఈ మార్గములను తిరుగబెట్టినది కూడ మనుష్యులే. పేరు కోసం పట్టుబట్టిన పత్రికలు, ఎనుబది ఏండ్లు విసుగక విన్నవించిన కుటుంబాలవారు, పాత పట్టికలను దుమ్ముదులిపి చదివిన పరిశోధకులు లేనియెడల ఈ వ్యాసంలోని పేర్లలో సగమైనను మనకు అందియుండెడివి కావు.

విద్యార్థి మిత్రులకు

విద్యార్థి మిత్రులారా! దూరదేశపు నావికుల కథ మనకెందుకని మీలో కొందరికి తోచవచ్చును. చదువుకొనుచున్న ప్రతివానికి అది కావలసినదే. రేపు మీలో కొందరు ఉపాధ్యాయులగుదురు, కొందరు గుమాస్తాలగుదురు, కొందరు అధికారులగుదురు. హాజరుపట్టీలు, నివేదికలు, సిఫారసులు మీ చేతులమీదుగా సాగును. పని చేసినది ఒకరు, పేరు పొందునది మరొకరు కాకుండ చూచుట మీ కలంలోనే ఉండును. పాఠ్యగ్రంథంలో ఒక మహావీరుని పేరు చదివినప్పుడల్లా, ఆ దినాన ఆయన ప్రక్కన ఎవరున్నారు, వారి పేర్లేమైనవి అని ఒక్కసారి ప్రశ్నించుకొనుడు. చరిత్రాధ్యయనం ఆ ప్రశ్నతోనే ఆరంభమగును.

స్తంభంపైనున్న నెల్సన్‌ను క్రిందికి దించవలసిన పని లేదు. ఆయన ధైర్యం ఆయనది. అడుగున కంచుఫలకంలో తుపాకి పట్టి నిలిచినవాని వద్ద కూడ మనము ఒక క్షణమాగి, అతని ముఖం వంక చూడవలెను. అతని పేరు తెలియకపోవుట అతని దోషం కాదు. అడుగవలసినవారు సకాలంలో అడుగకపోవుటయే దోషం.